ఫ్రెంచి అయ్యవారి నశ్యం వేలు

మా చిన్నప్పుడు బద్వేలులో... సాయంత్రమైతే పడసాలలో చాప పరిచి అక్కనూ నన్నూ కూర్చోబెట్టేవారు. ఎదురుగా ఫ్రెంచి అయ్యవారు. పుదుచ్చేరిలో దొరల కచేరీలో గుమాస్తాగా చేసి వచ్చిన మనిషి. అక్కకు పదమూడేళ్ళు, నాకు తొమ్మిది.

పుదుచ్చేరి అప్పటికింకా ఫ్రెంచి వాళ్ళ కిందే ఉండేది. మా చిన్నమ్మ కాపురం అక్కడే. ఫ్రెంచి వస్తే అక్కను అక్కడి బడిలో చేర్పిస్తానంది. మా ఊళ్ళో ఆడపిల్లలకు అయిదో తరగతికి మించి చదువు లేదు... అందుకే నాయన ఈయన్ను పిలిపించాడు.

అయ్యవారు ఒక్కో క్రియను ముక్కలుగా విరిచి పలికించేవాడు. "నూ... పార్-లె-రోఁ." మేము మాట్లాడతాం అని అర్థం. అందులో 'ర' మనలాగా నాలుకతో కాదు, కఫం కాకరించినట్టు గొంతులోంచి రావాలట. మాకెక్కడ వస్తుంది?

రాకపోతే, నశ్యం పీల్చిన బొటనవేలిని పంచెకు తుడిచి, మా నోట్లో పెట్టి నాలుకను అదిమేవాడు. "ఇప్పుడు పలుకు." గోటి కింద నల్లటి మడ్డి... ఆ ఉప్పదనం, ఆ ఘాటు...

అక్క కళ్ళు మూసుకుని పలికేది. తర్వాత పెరట్లో వేపపుల్లతో నాలుక గీక్కునేది.

"ఎవురికీ చెప్పాకు పాపా. ఆయప్ప పోతే నా సదువూ పోతాది."

ఒకరోజు ఆ వేలు లోపలికి రాగానే భళ్ళున కక్కుకున్నాను. చాప మీద, ఆయన పంచె మీద. నాయన తల్లి, మా జేజి, పరుగెత్తుకొచ్చింది.

"ఏమప్పా, ఆడపిల్ల నోట్లో యేలు పెడతాండావా? థూ! లెయ్ ఈడ్నుంచి!"

ఆయన లేచి పోయాడు. నాయన ఆయన్ను ఒక్క మాటా అనలేదు. మా వైపు తిరిగి, "ఇంగ సదువులు సాలు," అన్నాడు.

అక్క నన్ను తిట్టలేదు. చాప కడుగుతూ అంది... "నేను ఓర్చుకుంటాండానే... నువ్వొక్క దినం ఓర్చుకోలేకపోతివా?"

రెండేళ్ళకే అక్కకు పెళ్ళయిపోయింది. శానా ఏళ్ళు నా మీద నాకే రోత. ఆ వేలి మీద పడాల్సిన రోత అది. అయ్యవారిని మారిస్తే సరిపోయేదని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు చూడండి...

ఇప్పటి పిల్లలు నచ్చకపోతే నచ్చలేదని గట్టిగా అంటారు. పెద్దవాళ్ళు వింటారు కూడా. మీ ఇళ్ళల్లోనూ ఇలా చదువు ఆగిపోయిన అక్కలుంటే, వాళ్ళ పేర్లయినా ఇక్కడ రాయండి.

మా అక్క పేరు ఓబుళమ్మ.