తెప్ప కానొచ్చినంతసేపూ

నౌపడ స్టేషన్లో రైలు కోసం కూర్చుని, ల్యాప్‌టాప్‌లో మా ఆన్‌లైన్ సభల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షిస్తున్నాను. ఎన్నడూ ఎదురుపడని పదిమందిమి కలిసి, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా దాన్ని రాస్తున్నాం. పరీక్షకు చేరిన మావాళ్లతో మాటలయ్యాక సభ ముగించే బటన్ నొక్కాను. తెరమీది ముఖాలన్నీ ఒక్కసారే పోయాయి.

పక్కన చేపల గంపతో కూర్చున్న అక్కుపల్లి ఆవిడ ఉలిక్కిపడింది.

"అదేటి బావూ, అందర్నీ ఒకేపాలి గెంటేసినావు?"

"సభ అయిపోయిందమ్మా."

"అయిపోతే? మావోలు సంద్రంమీద సేపల ఏటకెల్తే, తెప్ప కానొచ్చినంతసేపూ ఒడ్డునే నిలబడి సూత్తాం."

అప్పటికప్పుడే మార్చి రాయడం మొదలుపెట్టాను. సభ ముగిసినా చివరి మనిషి వెళ్లేదాకా గది తెరిచే ఉంటుంది. మావాళ్లంతా ఒప్పుకున్నారు. ఇప్పటికీ ప్రతి సభలో చివరిదాకా ఉండేది నేనే.

ఆ రోజు మాత్రం, రాయడం ఆపి తలెత్తేసరికి ఆవిడ ఎక్కిన రైలు కనుమరుగైపోయింది.