యాదవ్వ గొంతు దిగిన మాట

చెన్నూరులో బస్సెక్కేటప్పుడే యాదవ్వ గట్టిగా అనుకుంది. పిలగాణ్ని కళ్లారా చూసి, మనసు ఔనన్నాకే అతని చేతిది ఏదైనా తాగాలి. అంతదాకా చుక్క కూడా ముట్టకూడదు.

వాళ్ల ఇంట్లో సంబంధం ఖాయం కావడం అలాగే ఉంటుంది మరి. మగపిల్లవాడి తరఫున తెచ్చిన కల్లును పిల్లను కన్నవాళ్లు తాగాలి. తాగితే ఒప్పుకున్నట్టు. ముంతను పక్కకు జరిపితే లేదన్నట్టు. యాదవ్వను అడగడానికి వచ్చిన రోజున వాళ్ల బాపు పొద్దు వంగేదాకా ముంత వైపే చూడలేదట. ఆ సంగతి ఎత్తితే ఆమె పెనిమిటి హనుమండ్లు ఇప్పటికీ అలుగుతాడు. అతనిప్పుడు దుబాయిలో ఉన్నాడు. నిన్న ఫోన్‌లో, "నువ్వే చూసి రాయే. నువ్వు తాగితే నేను తాగినట్టే," అని బరువంతా ఆమె గొంతు మీద పెట్టేశాడు.

బిడ్డ వందన కరీంనగర్‌లో ఒక కళ్ల ఆసుపత్రిలో అద్దాల నంబరు చూస్తుంది. ఆమె మెచ్చిన కరుణాకర్ మంచిర్యాలవాడు. ఆమె ఉండే గల్లీ చివర కొత్తగా తెరిచిన బీరు హోటల్లో బీరు కాచే పని. యాదవ్వకు అనుమానం పుట్టిందే అక్కడ. పొద్దంతా బీరు నడుమ మసలేవాడికి సాయంత్రానికి ఇంటి దారి గుర్తుంటుందా?

"ఏడింటికి వస్తడవ్వా. అప్పటిదాక పిజ్జా తిందాం," అంది వందన, హోటల్లో ఒక మూల కూర్చోబెట్టి.

యాదవ్వ తలెత్తి చూసింది. కప్పు నుంచి దీపాలు పండిన సీతాఫలాల్లా వేలాడుతున్నాయి. అద్దం గోడ వెనక రాగి గంగాళాలు, పెళ్లికి పిలిచిన మేనత్తల్లా, నిండుగా మెరుస్తూ నిలబడి ఉన్నాయి. ఆడవాళ్లు తాగడం ఆమెకు వింత కాదు. తాటివనంలో కల్లు తాగే తాటాకు రేక పట్టిన చేతులే ఆమెవి. మెత్తటి కుర్చీలో కాళ్లు ఊపుకుంటూ తాగడమే వింత.

పిజ్జా వచ్చింది.

"బొక్కలు పెట్టని సర్వపిండి," అని తేల్చేసింది యాదవ్వ. ముక్క లాగితే తెల్లటి తీగలు సాగాయి. పెళ్లయిన నాటి నుంచీ బీడీలు చుట్టిన వేళ్లు ఊరుకుంటాయా? ముక్కను ఒక్క చుట్టు చుట్టి, కొసను గోటితో లోపలికి నొక్కి, నోట్లో పెట్టుకుంది.

"అవ్వా! అందరు చూస్తుండ్రు!"

"చూడనీ. నేర్సుకుంటరు."

వందన నవ్వాపుకోలేక, జిడ్డు చేతులు కడుక్కోవడానికి లేచింది. యాదవ్వ పిజ్జా మీద ఎర్రటి కారపు పలుకులు ఇంకొంచెం దులుపుకుంది, ఇంకొంచెం. నాలుక భగ్గుమంది. సరిగ్గా అప్పుడే, కళ్లద్దాల మీద ఆవిరి పట్టి, కనుబొమల మీద పిండి అంటిన సన్నటి పిలగాడొకడు చెక్క పలక మీద నాలుగు బుడ్డ గ్లాసులు తెచ్చి ముందు పెట్టాడు.

"ఏంది బిడ్డా ఇవి?"

"రుచి చూడుండ్రి అవ్వా. నచ్చింది చెప్తే నిండు గిలాస తెస్త."

యాదవ్వ ఒక్క క్షణం ఆలోచించింది. హోటలోడు అందరికీ ఇచ్చేది ఖాయం కల్లు ఎట్లయితది? పైగా నాలుక మండుతోంది.

ఏది తాగినా ముందు తల్లికి సాక పోయడం ఆమె అలవాటు. "పోచమ్మ తల్లీ," అంటూ మొదటి గ్లాసు లోంచి మూడు చుక్కలు నేల మీద వంపింది. అద్దంలాంటి నేల మీద అవి మూడు చిన్న చందమామలై నిలిచాయి. తుడిచే మనిషి గుడ్డ పట్టుకుని ఉరికొచ్చాడు. పిలగాడు చేయి అడ్డం పెట్టాడు.

"ఉండనీ అన్నా. గది సాక."

పిలగాడు మంచోడే, అనుకుంది యాదవ్వ, గ్లాసెత్తి. "అబ్బ, వేపపుల్ల నమిలినట్టున్నదిరా!" రెండోది తెల్లవారి నీరాలాగా తేలిగ్గా జారింది. మూడోది పులిసిన అంబలి. నాలుగోది నోట్లో పోసుకుని ఆమె కళ్లు మూసుకుంది. జైనూర్ పక్క తల్లిగారి ఊరు. ఎండాకాలపు తెల్లవారు. అడవంతా తియ్యటి మత్తు. ఒళ్లో పూలేరుకుని చెట్టు నుంచి చెట్టుకు ఉరికే ఒక చిన్నపిల్ల, ఎవరో కాదు, తనే.

"ఇప్పపువ్వు!" అని అరిచింది. "గిది చేసినోడెవడోగని, వాని చేతులు సల్లగుండ!"

పిలగాడి చెవులు ఎర్రబడ్డాయి. "నేనే చేసిన... అత్తమ్మా."

ఆ మాట ఇద్దరి మధ్యా గాలిలో నురగలా నిలబడిపోయింది. చేతులు తుడుచుకుంటూ వచ్చిన వందన, ఖాళీ గ్లాసులు చూసి కొయ్యబారింది.

"కరుణాకర్! నీకేం చెప్పిన? అవ్వ నిన్ను చూసి ఒప్పుకునేదాక ఏం ఇయ్యకు అన్నన్నా, లేదా?"

"అన్నవ్. అద్దంల నుంచి అత్తమ్మను చూసిన... పరేషాన్ల మర్శిన. నేను చేసింది ఒక్కసారి రుచి చూస్తే సాలనుకున్న."

యాదవ్వకు దీపాలు కొద్దిగా ఊగినట్టనిపించింది. నాలుగూ తాగింది. సాక కూడా పోసింది.

వందన తల్లి పక్కన కూర్చుంది. "అవ్వా, గిది లెక్కకు రాదు. నువ్వు ఎరగక తాగినవ్. నచ్చకుంటే నచ్చలేదను. నేనే నిన్ను బస్సెక్కిస్త," అంది.

యాదవ్వ కరుణాకర్ వైపు తిరిగింది. "కూసో. నువ్వు గూడ ఒకటి తాగు, చూద్దాం."

"పని మీద తాగనత్తమ్మా. రుచి చూసి ఉమ్మేస్త. తాగుకుంట కాస్తే గంగాళం మొత్తం ఖరాబైతది."

"పనైనంక?"

"పనైనంక నిద్రస్తది."

ఆమె ముందుకు వంగి అతని కళ్లలోకి చూసింది. ఎరుపు లేదు. భయం మాత్రం బోలెడుంది. "వందనా, గీని కండ్లు మంచిగ చూసినవా?"

"చూసిన. ఆ అద్దాలకు నంబరు రాసిందే నేను."

యాదవ్వ నాలుగు గ్లాసులున్న పలకను మెల్లగా పక్కకు జరిపింది.

పక్కకు! వందన ముఖంలో నెత్తురు లేదు. కరుణాకర్ తల దించుకున్నాడు.

"ఏందిరా గట్లయిండ్రు?" అంది యాదవ్వ. "ఖాళీయి ముందటేసుకొని ఏం జెయ్యాలె? గా ఇప్పపువ్వుది నిండు గిలాస పట్కరా. గిప్పుడు ఎరిగి తాగుత."

అతను నడిచాడో ఎగిరాడో, గ్లాసు వచ్చింది. యాదవ్వ మళ్లీ మూడు చుక్కలు వంపింది. కరుణాకర్‌ను చూస్తూ, నురగ పెదవి మీద తెల్లటి మీసమయ్యేలా, గటగటా తాగి దించింది. ఈసారి దీపాలే కాదు, అద్దం వెనక మేనత్తలు కూడా ఊగారు.

ఫోన్ మోగింది. తెర మీద హనుమండ్లు, వెనక అతని గదిలోవాళ్లంతా.

"ఏమే, తాగినవా?"

"తాగిన."

"ఎన్ని?"

"ఎరుక లేక నాలుగు, ఎరుకతోటి ఒకటి."

"ఒక్కటైతే సాలుగదనే! ఐదుగురు అల్లుండ్లను తెస్తున్నవా ఏంది?"

దుబాయి గది పగలబడి నవ్వింది. వందన తల్లి భుజం మీద ముఖం దాచుకుంది. యాదవ్వ చివరి ముక్కను బీడీలా చుట్టి, కొస నొక్కి, కరుణాకర్‌కు చాపింది.

"ఇగో అల్లుడా. గిదన్న పని మీద తినొచ్చా?"