కళ్ళున్న కారు

పటమటలో మా ఇంటి ముందుకి పెద్ద కారు వచ్చిన రోజున, రిటైరయ్యాక మావారికి మతి పోయిందని వీధిలో వాళ్ళంతా అనుకున్నారు. ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటులో ఇంజనీరుగా చేసినన్నాళ్ళూ స్కూటరూ, ఆ తర్వాత ఒక చిన్న కారూ తప్ప ఎరగని మనిషి, విదేశీ కంపెనీ సెడాను కొనడమేమిటని వాళ్ళ విడ్డూరం. అదీ సెకండ్ హ్యాండుది. అసలు సంగతి మా ఇద్దరికే తెలుసు. ఆయన కళ్ళల్లో ఒత్తిడి పెరిగి, పక్క చూపు తగ్గిపోతోంది. ఎదురుగా పెట్టుకుంటే పేపరు పొల్లుపోకుండా చదువుతారు, పక్కనున్న కాఫీ గ్లాసుని మాత్రం మోచేత్తో పడేస్తారు. "డ్రైవింగు మెల్లిగా తగ్గించుకోండి సార్, ఎప్పటికైనా మానెయ్యాల్సిందే" అన్నాడు కంటి డాక్టరు. మానడం ఆయన వల్ల అయ్యే పని కాదు. రోజుకోసారి బండి తియ్యకపోతే అన్నం సయించదు ఆయనకి.

అందుకని తనకి సాయంగా, కళ్ళున్న కారు ఒకటి వెతుక్కున్నారు.

వన్ టౌన్‌లో బట్టల వ్యాపారం చేసే ఒక భాయ్ గారి దగ్గర దొరికింది. మోకాళ్ళు అరిగి, అంత కిందికి ఉండే కారులోకి దిగడం కష్టమై, ఆయన ఎత్తు బండికి మారారు. తాళం ఇచ్చేటప్పుడు కారు పైకప్పు మీద చెయ్యి వేసి, "లోపల తోలు సీట్లు ఎండకి పగలకుండా చూసుకోండమ్మా, నీడలో పెట్టండి" అని నాతో చెప్పారు, పిల్లనిచ్చిన తండ్రి చెప్పినట్టు. లోపలి అత్తరు వాసన చాలా నెలలు పోలేదు. ఆ సీటుకి జ్ఞాపకం ఉండేది. తలుపు మీద ఒకటో మీట నొక్కితే సీటూ, స్టీరింగూ, అద్దాలూ భాయ్ గారి కొలతకి జరిగిపోయేవి. ఆయన ఆజానుబాహువు, మావారి కాళ్ళు పెడలుకి అందేవి కావు. మావారు రెండో మీట తన కొలతకి పెట్టుకుని ఒకటోదాన్ని చెరపకుండా ఉంచారు. "పాపం, ముచ్చటపడి కొనుక్కున్నాడు, ఉండనీ" అన్నారు.

ఆ కారు తెలివికి నాకు ఒకసారి ముచ్చటేసేది, ఒకసారి ఒళ్ళు మండేది. స్పీడు అంకెలు ముందు అద్దంలో, రోడ్డు మీదే రాసినట్టు కనబడేవి. పక్క నుంచి ఏదైనా వస్తే ఆ వైపు అద్దంలో నారింజ రంగు దీపం వెలిగేది. ముందున్న బండికి మరీ దగ్గరగా వెళితే గంట కొట్టేది, వినకపోతే తనే బ్రేకు వేసేది. బెంజి సర్కిల్ దగ్గర ఆటోలు చుట్టుముట్టాయంటే దానికి పూనకం వచ్చి, ఉన్న దీపాలన్నీ వెలిగించి ఉన్న గంటలన్నీ కొట్టేది. "దీనికి మనూరు ఇంకా అలవాటు కాలేదు" అని ఆయన దాన్ని వెనకేసుకొచ్చేవారు. ఆరు సిలిండర్ల ఇంజను, బోలెడు బలం. ఈయన మాత్రం అరవై దాటనిచ్చేవారు కాదు. ఏనుగుని కొని తమలపాకులు మోయిస్తున్నారని దెప్పేదాన్ని.

పొద్దున్నే కరకట్ట మీదుగా అవనిగడ్డ వైపు వెళ్ళేవాళ్ళం. ఒక పక్క కృష్ణ, ఒక పక్క అరటి తోటలు. లోపల ఎంత నిశ్శబ్దమంటే, చినుకులు మొదలైన సంగతి వైపర్లు వాటంతటవి కదిలితేనే తెలిసేది. ఉద్యోగం రోజుల్లో ఇంటికొచ్చి రెండు మాటలు మాట్లాడని మనిషి, ఆ కారులో కూర్చుంటే మాత్రం ప్లాంటు కబుర్లన్నీ చెప్పేవారు. మా కాపరంలో అంత మంచి కాలం ముందూ లేదు, తర్వాతా లేదు.

దిష్టి సంగతి మా అత్తగారు చూసుకునేవారు. ప్రతి శనివారం నల్లదారానికి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చి, కారు ముందు జాలీకి స్వయంగా కట్టేవారు.

"పాత కారుకి దిష్టేంటమ్మా?" అనేవారు ఈయన.

"పాతదైతే ఏం, పెద్దది కదరా. వీధిలో వాళ్ళ కళ్ళన్నీ దాని మీదే."

కొన్నాళ్ళకి స్క్రీను మీద, ముందు సెన్సరుకి ఏదో అడ్డం ఉందని ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చి పోవడం మొదలైంది. "వయసైపోయిన కారు, ఏదో గొణుగుద్దిలే" అని ఆయన పట్టించుకోలేదు.

కోతల రోజులు. ఉయ్యూరులో పెళ్ళికి వెళ్ళి వస్తున్నాం. పొద్దు వాలుతోంది. రోడ్డుకి ఎడమ వారగా ధాన్యం బస్తాల ట్రాక్టరు ఆగి ఉంది. దానికి తగిలించిన ట్రక్కు వెనక దీపం లేదు. ఆయన చూశారనే అనుకున్నాను. కారు గంట కొట్టలేదు, వేగం తగ్గలేదు. "ఏవండీ, ట్రాక్టరు" అంటూ స్టీరింగు పట్టుకున్నాను. ఆయన బ్రేకు తొక్కారు. ట్రక్కుకి బెత్తెడు దూరంలో ఆగాం. బస్తాల మీద కూర్చున్న ఒకావిడ మమ్మల్ని చూసి, "చూసుకుని రండయ్యా" అంది. తిట్టి ఉన్నా బాగుండేది.

ఆయన దిగి కారు ముందు వంగి చూశారు. బంపరులో అరచేయంత నల్ల బిళ్ళ ఉంటుంది, కారు ముందుచూపంతా అందులోనే. దాని మీద అత్తగారి దండ. ఎండిన నిమ్మకాయ దానికి అంటుకుపోయి ఉంది. ఇన్నాళ్ళూ కళ్ళకి గంతలు కట్టి తోలుతున్నామన్నమాట. నాకు నవ్వొచ్చింది.

"విప్పేస్తే సరిపోద్ది కదండీ" అన్నాను.

ఆయన దండ విప్పలేదు. "కనపడట్లేదని ఇది నాకు రోజూ చెప్తానే ఉంది. నా చూపు ఇంకా తగ్గిందని నేను నీకు ఆ మాత్రం కూడా చెప్పలేదు. ఆ ట్రాక్టరు నాకు అసలు కనపళ్ళేదు." అని తాళం నా చేతిలో పెట్టి, చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమ పక్కన కూర్చున్నారు.

చిన్న కారు నేర్చుకున్నదాన్నే కాబట్టి, దేవుళ్ళందరినీ తలుచుకుని ఇల్లు చేర్చాను. మర్నాటి నుంచి నేనే డ్రైవరుని. గేరు గురించి, బ్రేకు గురించి ఒక్క సలహా ఇచ్చేవారు కాదు. పెళ్ళయిన నాటి నుంచీ నోరు తెరిస్తే వంకే పెట్టిన మనిషి అలా నోరు కట్టేసుకుని కూర్చుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

మొన్న ఒక ఆదివారం పొద్దున కొత్త బైపాసు ఎక్కాం. కనుచూపు మేర బండి లేదు.

"ఇది కొన్న దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా దీన్ని గట్టిగా తొక్కలేదు నేను. భయమేసేది" అన్నారు. "నువ్వు తొక్కు."

తొక్కాను. అన్నాళ్ళూ గొంతు ఎత్తని ఇంజను మొదటిసారి నోరు విప్పింది. మా ఇద్దరి వీపులూ సీట్లకి అతుక్కుపోయాయి. ఆయన వైపు చూశాను. కళ్ళు మూసుకుని ఉన్నారు. చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు.

"దీనికి కళ్ళతో పన్లేదే" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కళ్ళు తెరిచి, తిన్నగా రోడ్డు వైపే చూస్తూ ఇంకా నవ్వుతున్నారు. నేను చెంపలు తుడుచుకోలేదు. ఆయన కుడి పక్కన కూర్చున్నదాన్ని, తల తిప్పితే తప్ప ఆయనకి నేను కనబడను.