పద్నాలుగో చుక్క

కౌంటరు సొరుగు లాగితే ఇప్పటికీ ఆయిల్ వాసన వస్తుంది. అందులో పోస్టుకార్డంత తెల్ల అట్టముక్క ఒకటి ఉంటుంది. దాని మధ్యలో ఒక చుక్క. నడుమ లేత గోధుమ రంగు, చుట్టూ పసుపు వలయం. నాలుగేళ్లయినా ఆ వలయం అంచుల వైపు పాకుతూనే ఉంది, స్కేలు పెట్టి కొలుస్తుంటాను. ఆ వాసన తగిలినప్పుడల్లా పోయినవాటిని మనసు దానంతటదే కూడుతుంది. ఒక పిస్టన్, దాని మూడు రింగులు. గీతలు పడ్డ ఒక సిలిండరు గోడ. ఒక లేతు మిషను. సూర్యాపేటలో ఇరవై ఆరేళ్లుగా ఒక షెడ్డుకున్న పేరు. రోజుకు తొమ్మిది బండ్లు వచ్చేచోట ఏడు తగ్గి రెండు మిగిలాయి. చివరికి ఒక మనిషి. కూడిక పూర్తయ్యాక అడుగున మిగిలేది నేను ఆయనకు చెప్పిన ఒక్క ముక్క మాట.

ఆయన పేరు ఏసోబు. ఊళ్లో అందరికీ ఏసోబు మేస్త్రి. నేను ఆయనను మొదట చూసింది మిర్యాలగూడలో. అప్పుడు నేనొక రైసుమిల్లులో వడ్ల లారీల కాంటా దగ్గర కూర్చునేదాన్ని. చదివింది పదో తరగతే. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే పట్టుబడ్డాయి. మిల్లు జనరేటరు గంటకు ఎంత డీజిల్ తాగుతున్నదో, ఎన్ని రోజులకు ఎంత ఆయిల్ తగ్గుతున్నదో పాత క్యాలెండరు వెనుక రాసుకునేదాన్ని. జనరేటరు బాగు చేయడానికి వచ్చిన మేస్త్రి ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"ఇది ఎవరు రాయమన్నరు బిడ్డా?"

"ఎవరు అనలే. ఊకె రాసిన."

"ఊకెనే? నేను మొత్తం ఇప్పి సూస్తే గాని తెల్వని రోగం నువ్వు కూసొని రాసినవ్. వడ్ల దుమ్ము తిని ఏం చేస్తవ్? నా షెడ్డుకు రా, ఆయిల్ వాసన తిందువు."

నాకు ముప్పై ఎనిమిదేళ్లు అప్పుడు. మా ఊరు వేములపల్లి నుంచి మకాం మార్చి సూర్యాపేటలో గది కిరాయికి తీసుకున్నాను. షెడ్డులో కౌంటరు, రిజిస్టరు, ఆయిల్ సరుకు నా చేతికి వచ్చాయి.

ఆయన పనితీరులో నేను మరెక్కడా చూడని అలవాటు ఒకటి ఉండేది. ఏ బండి ఆయిల్ దించినా, దించిన దానిలోంచి ఒక చుక్క తెల్ల అట్ట మీద వేసి, తేదీ రాసి, గోడకున్న తీగకు క్లిప్పు పెట్టి వేలాడదీసేవాడు. ఒక రాత్రి గడిచాక ఆ చుక్క విచ్చుకుని వలయాలు వలయాలుగా పరుచుకుంటుంది. వాటిని చూసి ఇంజన్‌లో మసి ఎంత ఉందో, పెట్రోలు కలుస్తున్నదో లేదో చెప్పేవాడు. నాకు రిజిస్టరు నేర్పిన మొదటిరోజు ఒకే మాట చెప్పాడు. "సూసింది రాయి. అనుకున్నది రాయకు. నీకు లెక్క వస్తది గనుక అనుకునుడు కూడ బాగ వస్తది. జర జాగ్రత్త."

అది హెచ్చరిక అని నాకప్పుడు అర్థం కాలేదు, మెచ్చుకోలు అనుకున్నాను.

కొన్నాళ్లకు చిన్న టర్బో పెట్రోలు కార్లు రావడం మొదలైంది. మూడే సిలిండర్లు, లీటరు ఇంజన్, కానీ లాగుడు పెద్ద బండిది. పెట్రోలు నేరుగా సిలిండరులోకే చిమ్మే రకం. మేస్త్రి చేయి డీజిల్ బండ్ల మీద, ట్రాక్టర్ల మీద పండిన చేయి. ఈ కార్ల బానెట్ ఎత్తి కాసేపు ఊరికే నిలబడేవాడు. "కొత్త పెండ్లికొడుకు లెక్కున్నది. ఏం తింటదో, ఏం తినదో. పుస్తకంల ఏం రాసిన్రో సూడు బిడ్డా" అన్నాడు.

పుస్తకంలో పలచటి ఆయిల్ వాడమని ఉంది. డబ్బా వెనుక గుండ్రటి గుర్తులో ఫలానా రెండు అక్షరాలు ఉండాలని కూడా ఉంది. ఆ సరుకు మా దగ్గర లేదు, హైదరాబాదు నుంచి తెప్పించాలంటే రెండు రోజులు. మా దగ్గరున్నది పీపా ఆయిల్. లారీలకు, ట్రాక్టర్లకు పోసేది, చిక్కటిది, అందులో మేలైనది. నేను రెండింటి వివరాల కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నాను. ఇంజన్‌లో పుట్టే ఆమ్లాన్ని ఆయిల్ ఎంతవరకు విరవగలదో చెప్పే అంకె ఒకటి వాటిలో ఉంటుంది. పలచటిదానికి ఏడున్నర, మా పీపాకు పది. మూడో వంతు ఎక్కువ. ఎక్కువ అంకె ఎక్కువ మేలు చేస్తుందని నాకు క్షణం కూడా అనుమానం రాలేదు. పైగా మా ఎండలకు చిక్కటి ఆయిలే మంచిదని ఇక్కడ అందరి నమ్మకం. బండి తెచ్చిన ప్రతివాడూ "చిక్కటిది పొయ్యి మేస్త్రీ" అనే అడుగుతాడు.

"మనదే మంచిది మేస్త్రీ" అన్నాను.

ఆయన పీపాలో వేలు ముంచి, బొటనవేలితో రుద్దుకుంటూ అడిగాడు. "మరి గా రెండు అక్షరాలేంది?"

"కంపెనీలు అమ్ముకునేందుకు పెట్టుకున్న గుర్తులు."

"సూసి చెప్తున్నవా, అనుకొని చెప్తున్నవా?"

"చూసే."

నేను చూడలేదు. ఆ అక్షరాల అర్థం ఎక్కడా చదవలేదు. కానీ లెక్క అంత చక్కగా తేలాక, తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన తల ఊపాడు. ఏడాదిలో పద్నాలుగు కార్లకు ఆ ఆయిలే పోశాం.

వాటిలో ఒకటి కోదాడలో ఉండే సారుది. మోతెలో బడి పంతులు. తోటి పంతుళ్లు ముగ్గురిని ఎక్కించుకుని రోజూ పోయి వచ్చేవాడు. ఒక ఉదయం వరిగడ్డి ట్రాక్టరు వెనుక టాప్ గేరులోనే నెమ్మదిగా పోయి, దారి దొరకగానే యాక్సిలరేటరు ఒక్కసారి తొక్కాడు. లోపల సుత్తితో కొట్టినట్టు రెండు దెబ్బలు వినిపించాయట. తరువాత బండి వణకడం మొదలుపెట్టింది. దానిని కంపెనీ సర్వీసు సెంటరుకు ఈడ్చుకుపోయారు. మేస్త్రి, నేను వెళ్లేసరికి ఇంజన్ విప్పి ఉంది. పిస్టన్‌కు రింగులు కూర్చునే గట్టు ముక్కగా విరిగి, సిలిండరు గోడను గీకేసింది.

అక్కడి పెద్ద మెకానిక్ మర్యాదస్తుడు. ఏం పోశారని అడిగి, విని, నెమ్మదిగా చెప్పాడు. ఇలాంటి ఇంజన్‌లో పెట్రోలు కొంత సిలిండరు గోడకు తగిలి అక్కడి ఆయిల్‌తో కలుస్తుంది. తక్కువ స్పీడులో బరువు లాగిస్తే టర్బో గాలిని కుక్కుతుంది. అప్పుడు ఆ కలిసిన తుంపర ఎగిరి, ప్లగ్గు నిప్పు ఇవ్వకముందే తనంతట తానే అంటుకుంటుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దానిని కిందికి కొడుతుంది. ఆయిల్‌లో కడిగే మందుగా కలిపే కాల్షియం ఎక్కువైతే తుంపర ఇంకా సులువుగా అంటుకుంటుంది. అందుకే ఈ బండ్ల ఆయిల్‌లో దానిని తగ్గించి మెగ్నీషియం కలుపుతారు. ఆయిల్ ఆ దెబ్బ రానివ్వదని పరీక్ష చేసి ఇచ్చేవే ఆ రెండు అక్షరాలు.

నేను మురిసిపోయిన పది అనే అంకె చాలావరకు ఆ కాల్షియంతో వచ్చినదే.

"మీరు పోసింది చెడ్డ ఆయిల్ కాదు మేస్త్రీ. ఈ బండిది కాదు, అంతే. ఆయిల్ ఒక్కదానివల్లనే విరిగిందని కూడా నేను చెప్పలేను. తొక్కుడు ఉన్నది, ఎండ ఉన్నది" అన్నాడాయన. అందులో ఆయిల్ వాటా ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియని అంకెను సున్నా అనుకోవడానికి మాత్రం వీలు లేదు.

సారు కూడా అక్కడే ఉన్నాడు. "మీ మీద నమ్మకంతోనే గదండీ ఇచ్చింది. ఇంకా సగం కిస్తీలు కట్టాలి" అన్నాడు.

"పోసింది నేను సారూ. ఇంజన్ నేను చేపిస్త" అన్నాడు మేస్త్రి. నా వైపు చూడలేదు. ఆ వారమే లేతు మిషను అమ్మేశాడు.

తిరిగివచ్చేటప్పుడు బస్సులో చెప్పేశాను, ఆరోజు నేను చూడకుండానే చెప్పానని. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నాడు.

"తెల్సు బిడ్డా. నువ్వు గంత జల్ది 'చూసే' అన్నప్పుడే అనుమానమైంది. మల్లొక్కసారి అడగాల్సింది, అడగలే. నాకూ పలచటి ఆయిల్ మీద మనసు లేకుండె. నాకు కావాల్సిన మాటే నువ్వు చెప్పినవ్. ఇగ ఏడవకు. ఎన్ని బండ్లు?"

"పద్నాలుగు."

"ఒకటి పోయింది. పదమూడు. గవి విరగకముందే దొరకబట్టాలె."

అప్పటినుంచి ఆయనకు అదొక్కటే పని. సరైన డబ్బాలు తెప్పించాడు. బండికి మూడున్నర లీటర్లు. ఫోనుకు రానివాళ్ల ఇళ్లకు డబ్బా స్కూటరు ముందు పెట్టుకుని తానే పోయేవాడు, వెనుక నేను రిజిస్టరుతో. పాలకీడులో ఒక రైతు మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఫిరీగ పోస్తవా? ఏంది మేస్త్రీ, సర్పంచికి గిన నిలబడుతున్నవా?"

"నిలబడుడు కాదు పటేలా, పడ్డ. పోయినసారి తప్పు ఆయిల్ పోసిన. ఇంజన్ ఖరాబైతది. మారుస్త."

ఆ మాట ఆయన ప్రతి ఇంటి ముందూ అందరూ వినేలా చెప్పాడు. నాకు సిగ్గుగా ఉండేది, భయంగానూ ఉండేది. "తప్పని చెప్పకు మేస్త్రీ, ఉచిత సర్వీసు అందాం" అని బతిమాలాను.

"ఫిరీ అంటే రేపు రా, ఎల్లుండి రా అంటరు. తప్పంటే ఇప్పుడే బానెట్ ఇప్పుతరు."

నిజమే, విప్పారు. ఆ తరువాత ఊళ్లో చెప్పుకున్నారు కూడా. ఏసోబుకు కొత్త బండ్లు రావంట, ఇంజన్లు పగలగొడుతున్నడంట అని. ఇరవై ఏళ్లుగా వస్తున్న లారీవాళ్లు సైతం వేరే షెడ్డుకు మళ్లారు. మధ్యాహ్నాలు ఆయన స్టూలు మీద కూర్చుని, పనిలేని పానాలను గుడ్డతో తుడుస్తూ ఉండేవాడు. కానీ మూడు నెలల్లో పన్నెండు బండ్లు దొరికాయి. వాటి అట్టముక్కలను తీగ మీదనుంచి ఒక్కొక్కటే ఆయన చేతితో తీశాడు.

పదమూడోది దొరకలేదు. మొత్తం వరుసలో అది పద్నాలుగో చుక్క, చివరగా పోసిన బండి. కొత్త తెల్ల కారు, అప్పటికింకా నంబరు ప్లేటు లేదు. కొత్త ఇంజన్‌కు మొదటి ఆయిల్ తొందరగా మార్చాలనే పాత నమ్మకంతో దారిన పోతూ ఆగినవాడు. రిజిస్టరులో నేను రాసింది "రమేశ్, కోదాడ", ఆ పక్కన ఫోను నంబరు. అంకెలు తొమ్మిది. ఎంతో లెక్క తెలిసినదాన్ని, పది ఉన్నాయో లేవో లెక్కపెట్టలేదు.

కోదాడలో తిరిగి ఎందరినో అడిగాం. అక్కడ రమేశ్‌లకు కొదువ లేదు, ఆ రమేశ్ మాత్రం లేడు. ఇక నేను కాగితం తీశాను. పోయిన అంకె పది చోట్ల ఎక్కడైనా ఉండవచ్చు, పది అంకెల్లో ఏదైనా కావచ్చు. వంద. రెండేసిసార్లు వచ్చేవి తొమ్మిది తీసేస్తే తొంభై ఒకటి. సెల్ నంబర్లు సున్నా నుంచి ఐదు వరకు ఏ అంకెతోనూ మొదలు కావు, ఆ ఆరూ పోతే ఎనభై ఐదు. కాగితం ఆయన ముందు పెట్టాను.

"ఇది సూసినవా, అనుకున్నవా?" అన్నాడు. ఆ బస్సు ప్రయాణం తరువాత ఆయన నవ్వడం అదే మొదటిసారి.

రోజుకు ఐదు నంబర్లు కలిపేవాళ్లం. నలభై ఆరు అసలు లేవు. ఇరవై ఎనిమిది మంది ఎత్తారు, వాళ్లెవరూ కాదు. ఒక ముసలమ్మ మాత్రం మేస్త్రిని వదల్లేదు. "కారు లేదు, గీరు లేదు. నా బర్రె తప్పిపోయి మూడొద్దులైంది, గది గిన కనబడ్డదా కొడుకా?" అని అడిగింది. ఆయన బర్రె ఆనవాళ్లు అడిగి రాసుకున్నాడు. మిగిలిన పదకొండు నంబర్లు ఎవరూ ఎత్తలేదు, లేదా స్విచాఫ్.

పోయిన ఏడాది వానలు వెనకపట్టాక ఆయనకు దగ్గు ముదిరింది. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. జిల్లా దవాఖానలో తొమ్మిది రోజులుండి కన్నుమూశాడు. ఏడో రోజు నేను పోయేసరికి కళ్లు మూసుకుని ఉన్నాడు. అడుగుల చప్పుడుకే పోల్చుకుని అడిగాడు.

"ఎన్ని మిగిలినయ్ బిడ్డా?"

"పదకొండు మేస్త్రీ. ఎత్తుతలేరు."

తల అడ్డంగా ఊపాడు. "గవి నంబర్లు. బండ్లెన్ని?"

"ఒకటి."

"గది చెప్పు."

ఇప్పుడు షెడ్డు నేనే నడుపుతున్నాను. మెకానిక్ ఒకడున్నాడు. డబ్బా తెరిచేముందు వెనుక అక్షరాలు వేలుపెట్టి చదవనిదే పోయనివ్వను. తెలియకపోతే తెలియదంటాను. ఆ మాటకు విసుక్కుని వెళ్లిపోయినవాళ్లు ఈ ఏడాది ఆరుగురు. నెలకొకసారి పదకొండు నంబర్లూ కలుపుతాను. ఆ బండికి ఈపాటికి ఎవరో ఒకరు ఆయిల్ మార్చే ఉంటారు. లేదా ఏదో రోడ్డు మీద అది ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. రెండింట్లో ఏది జరిగిందో అనుకోవడం నాకు తేలికే, కానీ చూడలేదు. అందుకే అట్టముక్క సొరుగులోనే ఉంచాను. వెనుక అరలో సీలు విప్పని డబ్బా ఒకటి ఆ బండి కోసమే పెట్టాను, కాలం తీరితే మార్చి కొత్తది పెడతాను. రిజిస్టరులో ఆ వరుస చివర మేస్త్రి చేతిరాతతో ఉన్నదాన్ని నేను కొట్టివేయలేదు: బాకీ, బండి ఒకటి, మూడున్నర లీటర్లు.