గొంతు బాగుచేయించుకోవడానికి వెళ్ళిన రోజు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు అంత మంచిది కాదు. చూపులేని ఆడదానికి నోరు కూడా మెత్తగా ఉంటే ఆఫీసులో కుర్చీ మిగలదని ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే అర్థమైంది. సికింద్రాబాద్‌లో ఒక ఆఫీసులో నాది అర్జీల పని. జనం ఈమెయిల్‌లో పంపే తెలుగు అర్జీలు చదివి, ఏది ఏ సెక్షన్‌కు పోవాలో తేల్చి పంపిస్తాను. నిజానికి చదివేది కంప్యూటర్. తెర మీద ఉన్నదాన్ని అది పైకి చదువుతుంటే నేను ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటాను.

ఆ చదివే గొంతు ఒక ఆడమనిషిది. ఓపెన్ సోర్స్ గొంతు. అంటే ఎవరో తయారుచేసి నెట్‌లో పెట్టారు. ఎవరైనా ఊరికే దించుకుని వాడుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, చేతనైతే మార్చుకోవచ్చు. దాన్ని ఆఫీసులోకి తెచ్చింది నేనే. డబ్బిచ్చి కొనే సాఫ్ట్‌వేర్ మంజూరయ్యేలోపు నేను రిటైరైపోతానని మా సార్‌తో వాదించాను. ఆయన విన్నాడు, విని ఒక్క మాటే అడిగాడు.

"మంచిగనే ఉందమ్మా. కని రేపు ఖరాబైతే ఎవర్ని పట్టుకోవాలె? ఒక కంపెనీ లేదు, ఒక మనిషి లేడు."

"ఖరాబ్ కాదు సార్," అన్నాను. కొరివితో తల గోక్కున్నానని అప్పుడు తెలియదు.

చూపున్నవాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. మాలాంటివాళ్ళం ఈ గొంతుల్ని మామూలు వేగంలో వినం. మూడింతలు, నాలుగింతలు పెంచుకుని వింటాం. లేకపోతే పని సాగదు. పక్కనున్నవాళ్ళకు అది పిచ్చుకల గోలలా ఉంటుంది. ఆరేళ్ళు, రోజంతా, ఆ గొంతు నా చెవిలోనే ఉంది. అది మనిషిలా నిదానంగా మాట్లాడితే ఎలా ఉంటుందో మాత్రం నేను ఒక్కసారి కూడా వినలేదు.

ఏదైనా తేడా వస్తే ఆ సాఫ్ట్‌వేర్ పేజీలో ఫిర్యాదు రాసేదాన్ని. ఎప్పుడూ ఒకరే జవాబిచ్చేవారు, "చూస్తాను" అని ఒక్క ముక్క. ఒకసారి రాశాను: "వాక్యానికీ వాక్యానికీ మధ్య దగ్గు వినిపిస్తోంది. వినడానికి అసహ్యంగా ఉంది. తీసెయ్యండి." నెల తిరిగేలోపు దగ్గు లేని గొంతు వచ్చింది. నేను థాంక్స్ కూడా చెప్పలేదు. ఊరికే ఇచ్చేవాళ్ళంటే మనకు లోకువ.

తర్వాత ఆఫీసుకు కొత్త కంప్యూటర్లు, ఒళ్ళో పెట్టుకునే ల్యాప్‌టాప్‌లు, వచ్చాయి. వాటిలో ఆ గొంతు పలకలేదు. పెట్టడానికి వచ్చినతను "ఫ్రీవి మేం ముట్టం మేడమ్" అని చేతులు దులుపుకున్నాడు. సార్ నా టేబుల్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"నెలాఖరు దాంక ఆపుతమ్మా. ఆ తర్వాత అర్జీలు వేరేటోళ్ళకు ఇస్తరు. నిన్ను రికార్డు రూంల కూసోబెడ్తరు."

రికార్డు రూంలో అన్నీ కాగితాలే. అక్కడ నాకు చేయడానికి పని ఉండదు, సాయంత్రం దాకా కూర్చోవడమే. నాకంటే ముందు ఒకాయన అలా కూర్చుని కూర్చుని, చివరికి మనుషులు పలకరించినా పలకడం మానేశాడని విన్నాను. ఆ గది తలుచుకుంటేనే నాకు భయం.

నా ఫోన్ నుంచి ఆ పేజీలో రోజుకొకటి చొప్పున ఫిర్యాదు రాశాను. జవాబు లేదు. చివరికి పొగరు పక్కన పెట్టి, నాది సికింద్రాబాదనీ, నా పని పోతోందనీ రాశాను. ఆ సాయంత్రమే జవాబొచ్చింది. సైనిక్‌పురిలో ఒక అడ్రసు. "ఆదివారం పదకొండుకు రండి. కంప్యూటర్ తెచ్చుకోండి." ఇన్నేళ్ళూ ఆ మనిషి ఏ దేశంలోనో ఉన్నాడనుకున్నాను.

మా ఇల్లు మోండా మార్కెట్ వెనక. అక్కడ నిద్రలో కూడా బేరాల గోలే. సైనిక్‌పురిలో ఆటో నన్ను గేటు ముందు దించి వెళ్ళిపోయాక చెవులు మూసుకుపోయినట్టయింది. కుక్క లేదు, కుక్కర్ విజిల్ లేదు. ఎండ మాత్రం నెత్తిన మాడుతోంది. కర్రతో తడుముకుంటూ మెట్లెక్కాను.

"తలుపు తీసే ఉంది. లోపటికి రా. చెప్పులు ఆడనే ఇడువు."

ఎక్కడో విన్న గొంతే. చుట్టమా, చిన్నప్పటి టీచరా అని వెతుక్కుంటూ లోపలికి నడిచాను.

"ఎడమ దిక్కు కుర్చీ ఉంది. జెర సూసుకొని కూసో."

మాట నా ముందున్న బల్ల మీది నుంచి వచ్చింది. అడుగుల చప్పుడు నా వెనక నుంచి వచ్చింది. అడుగులు నన్ను చుట్టి వచ్చి నా ఎదురుగా ఆగాయి. మాట మళ్ళీ బల్ల దగ్గరే పలికింది: "మంచినీళ్ళు తాగుతవా?"

అప్పుడు పోల్చుకున్నాను. ఆరేళ్ళుగా నాకు అర్జీలు చదివిన గొంతు, "విన్నపము", "దయచేసి పరిశీలించగలరు" తప్ప ఎరగని గొంతు, నన్ను మంచినీళ్ళు తాగుతావా అని అడుగుతోంది.

"మేడమ్, ఆ కంప్యూటర్ బంద్ చేసి మీరు మాట్లాడండి," అన్నాను.

బల్ల దగ్గర కాదు, నడుస్తూ చేతిలో పట్టుకున్న చిన్న కీబోర్డు మీద టకటకలు.

"నేనే మాట్లాడుతున్న."

నా ఎదురుగా ఎవరో ఊపిరి తీస్తున్నారు. కానీ ఊపిరి రావలసిన చోటి నుంచి రావడం లేదు. ముఖం ఉండే ఎత్తు కంటే కిందుగా, సన్నటి ఈలతో వస్తోంది. లేచి పారిపోదామంటే తలుపు ఏ వైపో మరిచిపోయాను. ఇంతలో ఒక చల్లని చెయ్యి నా చేతిని పట్టుకుని తన మెడ మీద పెట్టుకుంది. పల్చని గుడ్డ. దాని కింది నుంచి వెచ్చని గాలి నా వేళ్ళకు తగిలింది.

"దవాఖానల గొంతు తీసేసిన్రు," అంది బల్ల మీది గొంతు. "తీసేస్తరని ముందుగాలనే చెప్పిన్రు. అందుకే రెండు నెలలు కూసోని, పుస్తకాలు చదివి రికార్డు చేసుకున్న. నాకోసమే చేసుకున్న. గింత కష్టపడి చేసినంక, ఇంకెవరికన్న సుత పనికొస్తది గదా అని నెట్ల పెట్టిన."

దగ్గు గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. అది తియ్యమన్నది నేనేనని చెప్పేశాను.

"ఎరుకే. కూసోని ఒక్కొక్కటి కోసిన," అంది. టకటకలు ఆగి, మళ్ళీ మొదలయ్యాయి. "వాక్యాలన్నీ పుస్తకాలయి. దగ్గొక్కటే నాది."

ఆమె చేతికిచ్చిన మంచినీళ్ళు తాగాను.

నా ఫిర్యాదులకు జవాబు ఎందుకివ్వలేదో తర్వాత తెలిసింది. ఆమెకు కళ్ళు మసకబారుతున్నాయి; ఫిర్యాదులు కంప్యూటర్ చేత చదివించుకుని వింటోంది గానీ, తెర కనిపించక బాగుచేయలేకపోతోంది. "నేను చెప్తా, నువ్వు చెయ్యి," అంది. అలా ఆ గొంతే, తనను ఎలా బాగుచేయాలో నాకు చెప్పింది. మూడింటికి నా కంప్యూటర్‌లోనూ గొంతు లేచింది. అప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడింది. నేను నొక్కిన అక్షరాలను నా కంప్యూటర్ చదువుతోంది, ఆమె మాటలను ఆమె కంప్యూటర్ పలుకుతోంది, గొంతు ఒకటే. ఒకసారి "చాలు" అని వినిపించింది. ఆమె అన్నదా, నా తెర మీదిదా అని తెలియక చేతులు ఎత్తేసి కూర్చున్నాను. మెడ దగ్గర గాలి ఈల వేసింది. అది ఆమె నవ్వు.

నా కుర్చీ నిలబడింది. సార్ మిఠాయి తెమ్మన్నాడు. ఆదివారాలు సైనిక్‌పురికి వెళ్ళడం అలవాటైంది. ఆర్నెల్లు తిరిగేసరికి ఆమె "ఇగ నువ్వే సూస్కో" అని పేజీ తాళాలు, అంటే పాస్‌వర్డులన్నీ, నాకిచ్చేసింది. ఇప్పుడు ఫిర్యాదులు నాకే వస్తాయి. అచ్చం నేను రాసినట్టే రాస్తారు.

నా చేత్తో ఆ గొంతు మొదటి కొత్త కూర్పు, అంటే వెర్షన్, నెట్‌లోకి వదిలింది ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ. ఎందుకూ పనికిరాదనుకున్న ఒక ఫైలు తీసేశాను. వాడేవాళ్ళ కంప్యూటర్లు కొత్తదాన్ని వాటంతటవే దించుకుంటాయి. నా దాంట్లో మాత్రం ఇంకా పాతదే పలుకుతోంది. అరగంటకు ఫోన్ మోగింది. ఆమె నంబరు.

"అమ్మా," అన్నాను. మాట లేదు. గాలి మాత్రం వచ్చింది, ఈలతో. తర్వాత ఫోన్ మీద గోటితో టకటకా కొట్టిన చప్పుడు.

మిగతావాళ్ళకు గొంతు పలకకపోతే నన్ను తిట్టడానికి వాళ్ళ నోళ్ళు వాళ్ళకున్నాయి. ఆమెకు ఉన్నదొక్కటే, దాన్ని నేనే నొక్కేశాను.

"లైన్‌లనే ఉండమ్మా, పెట్టెయ్యకు," అని ఫోన్ బల్ల మీద పెట్టాను. తొందరలో ఒక్కో అక్షరం రెండుసార్లు కొట్టాను. సార్ ఏదో అడగబోతే "జెర ఆగున్రి సార్!" అని అరిచాను. ఫోన్‌లో ఆ గాలి వస్తూ పోతూనే ఉంది. ఎక్కడ ఆగుతుందోనని ఒక చెవి అటే వేసి ఉంచాను. తీసిన ఫైలు తిరిగి పెట్టి, కొత్త కూర్పు వదిలి, ఆమె కంప్యూటర్ దాన్ని దించుకునేదాకా అలాగే కూర్చున్నాను.

"ఏం ఫైలు తీసినవ్?" అంది గొంతు, నిదానంగా.

ముక్కు ఎగబీలుస్తూ ఫైలు పేరు చెప్పాను.

"రాసి పెట్టు. నీ తర్వాత వచ్చేటోళ్ళు పరేషాన్ గావొద్దు." మళ్ళీ టకటకలు, "ఏడుస్తున్నవా?"

ఫోన్ మీద గోటితో రెండుసార్లు కొట్టాను.