బొమ్మసంద్రలో పదో మనిషి కోసం

నా భార్య సరోజ పోయాక, ఆనేకల్‌లో మాకున్న పాత మగ్గం షెడ్డులో ఒంటరిగా ఉండి జపం చేసుకోవాలని నిర్ణయించుకున్నాను. నగర్తపేటలో నా జరీ దుకాణమూ, వచ్చేపోయే వాళ్ల పలకరింపులూ నాకు వద్దనిపించాయి. ఆ మాట శాంసన్‌తో అన్నాను. ఆయన యూదుడు. ముంబై నుంచి వచ్చి బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ పనిలో స్థిరపడ్డాడు. వాళ్ల పవిత్ర గ్రంథానికి వేసే ముఖమల్ తొడుగుకు జరీ అంచు నేనే కుట్టించి ఇచ్చాను. అప్పటి నుంచి స్నేహం. నాతో మాట్లాడీ మాట్లాడీ మా తెలుగే పట్టుకున్నాడు. "ఆనేకల్‌కి తరవాత పోదువులే. ఆదివారం మా అమ్మ పోయిన తిథి ఉండాది, ఇంటికి రా అన్నా" అన్నాడు.

అటు వెళ్లాలనుకునేవాళ్లకు దారి సులువే. చిక్కపేటలో మెట్రో ఎక్కి, ఆర్‌వీ రోడ్డులో పసుపు లైనుకు మారాలి. చివరి స్టేషన్ బొమ్మసంద్ర. టికెట్టు వంద దాటదు. మధ్యాహ్నం రెండింటికి బయలుదేరి నాలుగు లోపే దిగాను. అక్కణ్ణించి ఆటో. డ్రైవరు నా ఇస్త్రీ చొక్కా చూసి పెళ్లికా అని అడిగాడు. తిథికి అన్నాను. "తిథికి ఇంత సోకా తాతా" అని నవ్వాడు. సరోజ ఉంటే ఆ మాటే అనేది.

పైన వాళ్ల ఫ్లాటు హాల్లో శాంసన్‌తో కలిపి తొమ్మిదిమంది మగవాళ్లు టోపీలు పెట్టుకుని ఉన్నారు. నాకూ ఒకటి ఇచ్చారు. పోయినవాళ్ల కోసం కొడుకు చెప్పే ప్రార్థన ఒకటుంది. పదిమంది యూదు మగవాళ్లు చేరనిదే అది పలకకూడదు. వస్తానన్న పదో ఆయన జ్వరమని ఆగిపోయాడు. పొద్దు గుంకేలోపు ముగించాలి. శాంసన్ కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నాడు.

"నేను లేనా? నన్ను లెక్కేసుకోప్పా" అన్నాను.

"నువ్వు మా ఇంటోడివే అన్నా. ఈ లెక్కలోకి మాత్రం రావు."

నాకు కోపం వచ్చింది. మా వీధిలో నేను లేకుండా ఏ పంచాయితీ జరగదు. గదిలో తలుపేసుకుని నువ్వొక్కడివే చెప్పుకుంటే మీ దేవుడికి వినపడదా అని గట్టిగానే అడిగాను.

"వినపడతాది. కానీ అందర్నీ వదిలేసి ఒంటిగా కూర్చుంటే దేవుడు దగ్గరైతాడని మా పెద్దోళ్లు అనుకోలేదన్నా. మా అమ్మ కోసం నేను చెప్తే, ఆమెన్ అనే నోళ్లుండాల. నాకు నేనే అనుకుంటే ఏం లాభం?"

దగ్గరలో ఇంకొక్క యూదుడే ఉన్నాడు. ఎలక్ట్రానిక్ సిటీలో ఉండే బెంజమిన్, కొచ్చి మనిషి. పండగనాడు ప్రార్థన ముంబై రాగంలో పాడాలా, కొచ్చి రాగంలోనా అని ఆయనా శాంసనూ తగువుపడి మాటలు మానుకున్నారు. శాంసన్ భార్య ఫోను తెచ్చి భర్త చేతిలో పెట్టింది. ఆయన బాల్కనీలోకి వెళ్లి బెంజమిన్‌తో మాట్లాడాడు.

బెంజమిన్ తడి జుట్టుతో, ఇంటి చెప్పులతోనే వచ్చాడు. వాళ్లిద్దరి మాట కన్నడంలో. ముంబై రాగానికి మనుషులు చాల్లేదా అని ఎత్తిపొడిచాడు. చాల్లేదు, ఈరోజు మీ రాగంలోనే పాడతానన్నాడు శాంసన్. బెంజమిన్ టోపీ సర్దుకున్నాడు. మెల్లిగా అన్నాడు: "మీ అమ్మ విన్న రాగంలోనే పాడు."

శాంసన్ ప్రార్థన మొదలుపెట్టాడు. ఆయన ఆగిన చోటల్లా మిగతావాళ్లు ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా బెంజమిన్ అన్నాడు. వెనక కూర్చున్న శాంసన్ భార్య నావైపు వంగి, "మీరూ అనొచ్చన్నా" అంది. సరోజను తలుచుకుని అన్నాను. నా గొంతు నాకు వేరుగా వినపడలేదు.

తిరుగు రైల్లో సరోజ మీద బెంగ ఇంకా ఎక్కువైంది. నేను బాధపడతానని మా వీధిలో ఆమె పేరు ఎత్తడం మానేశారు. నేనూ అదే మేలనుకున్నాను. ఆనేకల్ షెడ్డులో ఆమె పేరు వెయ్యిసార్లు చెప్పుకున్నా, మారు పలికేవాళ్లెవరు? మర్నాడు పొద్దున దుకాణం తెరిచి, ఎదురింటి జయమ్మను పిలిచి, మా సరోజ వంకాయ పులుసు ఎట్లా చేసేదని అడిగాను. ఆమె కళ్లు తుడుచుకుని గంటసేపు చెప్పింది.

మిమ్మల్ని ఎవరైనా ఇట్లాంటి ప్రార్థనకు పిలిస్తే, పొద్దు గుంకడానికి గంట ముందే చేరండి. ఆలస్యమైతే గేటు దగ్గర నుంచి మిమ్మల్ని తీసుకెళ్లడానికి ఒకరు కిందికి దిగాలి. పైన పదిమంది లెక్కలో ఆ ఒక్కరూ తక్కువ పడతారు.