గోడ మీద రోమన్ నైవేద్యం

శనివారం పొద్దున్న పక్కింటి డాక్టరమ్మ ఫోన్ చేసి, "అక్కా, నాన్న నిద్రలోనే వెళ్లిపోయారు" అంది. అడగాల్సినవేవీ నేను అడగలేదు. నా నోట వచ్చిన మొదటి మాట, "రుచి తిరిగొచ్చిందా?"

"లేదక్కా" అంది ఆ పిల్ల, ఏడుపులోనే.

అలాంటప్పుడు అలాంటి ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని మీకు అనిపించవచ్చు. ఆ పొద్దుటి నుంచి నాకూ అదే అనిపిస్తోంది. ఎందుకడిగానో తెలియాలంటే మాస్టారి గురించి చెప్పాలి.

ఆయన గుంటూరు వైపు ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు ప్రాచీన చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఐర్లండ్‌లో కార్క్ ఆస్పత్రిలో పనిచేసే కూతురి దగ్గర మూడు నెలలు ఉండి వెళ్దామని వచ్చారు. వచ్చిన మూడో వారానికి కోవిడ్ వల్ల విమానాలు ఆగిపోయాయి. డెబ్బై దాటినవాళ్లు గడప దాటవద్దన్నారు. ఆయన గడప దాటలేదు, పెరటి గోడ దగ్గరికి వచ్చారు. గోడకి ఇవతల నేను.

"గ్రీకులు, రోమన్లు, యూదులు దేవుడికి ఏం వండిపెట్టారో ముప్పై ఏళ్లు పాఠం చెప్పానమ్మాయ్. ఒక్కటీ నోట్లో పెట్టుకుని ఎరగను. నూతి గట్టున కూర్చుని ఈత నేర్పినట్టు" అన్నారు ఒకరోజు. యూరప్ దాకా వచ్చి, ఇంట్లో అవెన్ పెట్టుకుని, అవి వండకుండా ఎలా? కానీ ఆయన అవెన్ ముట్టుకోకూడదని కూతురు శాసించింది. మొదటి వారంలోనే ప్లాస్టిక్ డబ్బాతో సహా ఉప్మా వేడి చేశారట. అందుకని ఆయన గళ్ల నోటుబుక్కు పట్టుకుని చెప్పడం, నేను వండి గోడ మీద పెట్టడం అని ఒప్పందం కుదిరింది.

ముందు గ్రీకుల పేజీ. ఇద్దరమూ శాకాహారులం కాబట్టి ఎద్దుల్ని మాటల్లోనే బలిచ్చాం.

"ఎముకలూ కొవ్వూ మంటలో వేస్తే ఆ పొగ దేవుళ్లకి. మాంసం భక్తులకి."

"అది మోసం కదా మాస్టారూ!"

"మనమేం తక్కువ తిన్నాం? ఆయన చూస్తాడు, మనం తింటాం. మనం పొగ కూడా ఇవ్వం."

బార్లీ పిండి, తేనె కలిపి ముద్ద చేసి పెట్టాను. పళ్లకి అంటుకుని సాయంత్రం దాకా వదల్లేదు. "గ్రీకులు రుచి కోసం తినలేదమ్మా, పుణ్యం కోసం తిన్నారు" అని నన్ను ఓదార్చారు.

ఆకులు రాలే రోజుల్లో ఆయనకి కోవిడ్ వచ్చింది. జ్వరం నాలుగు రోజుల్లో పోయింది, పోతూ పోతూ వాసననీ రుచినీ తీసుకుపోయింది. మళ్లీ గోడ దగ్గరికి వచ్చిన రోజున అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది. "గ్రీకు దేవుళ్ల కంటే అధ్వానమైపోయింది నా పని. వాళ్లకి పొగ వాసనైనా తెలిసేది. ఇక నా నాలుక నువ్వేనమ్మాయ్. నువ్వు చెప్పిందే రాసుకుంటాను."

నేను ఇక్కడ ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టడమే నా ఉద్యోగం. నాకంటే నమ్మకమైన నాలుక ఆ వీధిలో దొరకదనే అనుకున్నాను.

ఆ వారం రోమన్ల వంతు. ఇంటి దేవతలకి పెట్టే చీజ్ రొట్టె. తెల్ల చీజ్ మెత్తగా నలిపి, పిండి కలిపి, అడుగున బిర్యానీ ఆకులు పరిచి కాల్చి, వేడి వేడిగా పైన తేనె పోయాలి. గుడ్డు వెయ్యాల్సిన చోట మాత్రం రోమన్లని పక్కన పెట్టి పెరుగు వేశాం. షాపులో ఉప్పునీళ్లలో ఊరిన చీజ్ ఉంటే, పనీర్‌లాగే ఉంది కదా అని తెచ్చాను. ఫ్యాక్టరీలో డ్రమ్ము మీది లేబుల్ మూడుసార్లు చదివేదాన్ని, ఆ డబ్బా మీద ఏముందో ఒక్కసారీ చదవలేదు. పైగా అలవాటు కొద్దీ ఇంకో చెంచా ఉప్పు వేశాను.

"రుచి చూడకు. దేవతలకి పెట్టేది" అని గోడ అవతలి నుంచి కేకేశారు.

"రోమన్లకి కూడా ఎంగిలి ఉండేదా మాస్టారూ?"

"పుస్తకాల్లో లేదు. మా అమ్మకి ఉండేది."

ఒక ముక్క గోడ మీద దేవతలకి పెట్టాం. ఆయన కళ్లు మూసుకుని రెండు ముక్కలు తిన్నారు. నేను ఒక్కటి కొరికాను. సముద్రం నోట్లోకి వచ్చింది.

"ఎలా ఉంది?" పెన్ను తీసి సిద్ధంగా ఉన్నారు. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మనిషి మొహం అది.

"అద్భుతం మాస్టారూ."

రాసుకున్నారు. "నాలుక తిరిగొచ్చిన రోజున ఇదే మళ్లీ చెయ్యి. అచ్చం ఇలాగే. ఏదీ మార్చకు."

ఇక నా పాట్లు మొదలయ్యాయి. రోజూ పొద్దున్నే "ఇంగువ డబ్బా మూత తీశాను, ఏమీ తెలియలేదు" అని చెప్పేవారు. "అయ్యో" అనేదాన్ని. అంటూనే ఊపిరి తేలిగ్గా పీల్చుకునేదాన్ని. ఒక పెద్దాయన నాలుక ఇంకో రోజు ఆలస్యంగా కోలుకోవాలని కోరుకున్న మనిషిని ఏమంటారో నాకు తెలియదు. నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు గోడ దాకా వెళ్లి, వాన గురించి మాట్లాడి వచ్చేశాను. ఐర్లండ్‌లో ఆ సౌకర్యం ఉంది.

యూదుల పేజీకి వచ్చేసరికి ఇంకా ఇబ్బంది. "వీళ్ల నైవేద్యంలో ఉప్పు లేకపోతే కుదరదు, తేనె మాత్రం బలిపీఠం మీదికి రాకూడదు" అని కళ్లద్దాల పైనుంచి నా వైపు చూశారు. దొరికిపోయాననుకున్నాను. ఆయన పులవని రొట్టె చెయ్యమన్నారు, అంతే. నేను పుల్కాలు చేశాను. అవి మాత్రం నిజంగానే బాగున్నాయి.

మాస్టారి అంత్యక్రియలకి పదిమందికే అనుమతి. మిగతావాళ్లం ఎవరి గేటు దగ్గర వాళ్లం నిలబడ్డాం. ఎదురింటి ఐరిష్ ముసలావిడ శిలువ గుర్తు వేసుకుంది. ఆయన్ని తీసుకెళ్లే కారు నెమ్మదిగా దాటుతుంటే నేను మాస్కు లోపలే క్షమాపణ చెప్పాను. నాకే సరిగా వినపడలేదు.

తర్వాత డాక్టరమ్మ గోడ మీదుగా నోటుబుక్కు అందించింది. "మీ వంటలే కదక్కా, మీ దగ్గరే ఉండనీ." రోమన్ల పేజీ తియ్యడానికి రెండు రోజులు పట్టింది. గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది:

"పక్కింటి అమ్మాయి మాట: అద్భుతం. ఆమె తాగిన నీళ్లు: మూడు గ్లాసులు. రోమన్ల వంట యూదుల పద్ధతిలో చేసినట్టుంది. అడిగితే బాధపడుతుంది. నాలుక వచ్చాక నేనే చూసుకుంటాను."

వంటగదిలో నేల మీద కూర్చుని నవ్వాను. కాసేపటికి అది నవ్వు కాకుండా పోయింది.

పదకొండో రోజున ఆ రొట్టె మళ్లీ చేశాను. అదే చీజ్, అదే అదనపు చెంచా ఉప్పు. ఏదీ మార్చలేదు. రుచి చూడలేదు. బిర్యానీ ఆకుతో సహా గోడ మీద పెట్టి, "ఉప్పెక్కువైంది మాస్టారూ" అని పైకే అన్నాను.

చాలాసేపు ఒక్క కాకీ రాలేదు. కాకి ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టే అంటారు మన వాళ్లు. కార్క్ కాకులకి ఆ సంగతి తెలుసో లేదో అని నా దిగులు. చివరికి డాక్టరమ్మ వాళ్ల కప్పు మీద నుంచి ఒకటి దిగింది. తల వంచి నన్ను చూసింది. ఒక ముక్క పొడుచుకుని మింగింది. మింగి, తిన్నగా మా పెరట్లో వాన నీళ్లు నిండిన బకెట్టు అంచు మీదికి వెళ్లి వాలింది. ముక్కు ముంచి తల పైకెత్తింది, మళ్లీ ముంచింది, ఇంకోసారి ముంచింది. తర్వాత మళ్లీ గోడ మీదికే వచ్చింది.